రెండు వందల యాభై మిల్లీలీటర్ల తేడా

జూలై 5, 1982

ఈవేళ జడ నేనే వేసుకున్నాను. నాలుగేళ్ళ తరవాత. మూడు పాయలు, కింద ముడి. ముడి కాస్త వదులు — అయినా ముడే.

అత్తగారు వెనక నిలబడి చూశారు. "ఎలక కొరికిన తాడులా ఉందే అమ్మాయ్." ఇన్నాళ్ళూ ఆవిడే వేసేవారు. డెబ్భై ఒకటో ఏట ఉద్యోగం ఊడింది, ఆ మాత్రం బాధ ఉంటుంది.

పదకొండు ఇంజక్షన్లు అయ్యాయి. బంగారం మందు. ఏడేళ్ళ కీళ్ళవాతానికి ఏమేం మింగానో పాత పుస్తకాల్లో ఉంది. పిడికిలి మూసుకోవడం మాత్రం ఈ పదకొండింటితోనే. పన్నెండోది శుక్రవారం, రాజమండ్రిలో.

నీళ్ళు — ఏడు గ్లాసులు. కాఫీ — రెండు. నొప్పి మాత్రలు — నాలుగు. డాక్టరు గారికి చెప్పేది రెండు. ఈ పుస్తకానికైనా నిజం చెప్పకపోతే రాయడం ఎందుకు.

జూలై 6

స్నానాల గది తూము దగ్గర మళ్ళీ చీమలు. బారులు తీరి. పసుపు చల్లాను, ఉప్పు చల్లాను, కిరసనాయిలు పోశాను. సాయంత్రానికి మళ్ళీ హాజరు. అక్కడ అంత రుచి ఏముందో.

జూలై 7

మెట్టెలు బిగుతు. మధ్యాహ్నం నుంచి పాదాలు బరువు. ఉక్క వల్ల అనుకుంటాను.

జూలై 9, శుక్రవారం

ఇంజక్షను వేయలేదు.

ప్రతి వారం చేసే పరీక్షే. యూరిన్ గాజు గొట్టంలో పోసి, స్పిరిటు దీపం మీద కాచి, రెండు చుక్కలు ఏదో వేస్తారు. ప్రతి వారం నీళ్ళలా తేటగా ఉండేది. ఈవేళ తెల్లగా విరిగింది. నిమ్మకాయ పిండిన పాలలాగ.

"ఆల్బుమిన్ పోతోందమ్మా," అన్నారు డాక్టరు గారు. "అంటే మీ ఒంట్లో ప్రొటీను కిడ్నీలోంచి కారిపోతోందన్నమాట."

"నా జబ్బు కీళ్ళకి కదండీ?"

"కీళ్ళవాతం కీళ్ళ దగ్గరే ఆగుతుందని రాసివ్వలేదు కదమ్మా. వాతం కిడ్నీని పట్టొచ్చు. వాతానికిచ్చే మందూ పట్టొచ్చు. ఈ బంగారం మందైతే మరీను. అందుకే వారం వారం చూసేది. నొప్పి మాత్రలు రోజుకెన్ని వేసుకుంటున్నారు?"

"రెండండి."

రెండని రాసుకున్నారు.

ఇరవై నాలుగు గంటలది పట్టి తీసుకురావాలట. పొద్దున్న ఆరింటిది పారబోయాలి. అక్కడి నుంచి మర్నాడు ఆరింటిదాకా — ఆ ఆరింటిది కూడా కలిపి — ఒక్క చుక్క బయట పోకుండా ఒకే క్యానులో. "కొలత ముఖ్యం. దాన్నిబట్టే లెక్క. రోజుకి గ్రాము ప్రొటీను దాటిందా, బంగారం ఇక జన్మలో వద్దు."

ఇన్నేళ్ళలో నాకు చేతనైన పని చెప్పిన డాక్టరు ఈయనే. కానీ గ్రాము దాటితే... జడ.

జూలై 10

మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఆయనకు చెప్పాను.

"బంగారం ఒంటి మీద పెట్టుకుంటే తీసి బీరువాలో పెట్టుకోవచ్చు. ఒంట్లోకి ఎక్కించుకుంటే ఎలా తీస్తాం? ఆ డాక్టరుకి మొదటినుంచీ చెబుతూనే ఉన్నా."

"ఎప్పుడు చెప్పారండీ?"

"మనసులో."

మజ్జిగ దగ్గర ఆగారు. "కిడ్నీలు రెండుంటాయి కదా?" "రెండూ ఇదే వరసట." మజ్జిగ వద్దని లేచిపోయారు. పెరుగు వద్దన్న రోజులున్నాయి. మజ్జిగ వద్దనడం ఇదే చూడటం.

పిన్ని గుర్తొచ్చింది. ఆవిడవీ ఇవే వేళ్ళు. ఎర్ర మాత్రలు పొట్లం కట్టించుకుని మరమరాల్లాగ నములుతుండేది. ముందు మొహం వాచింది. ఒళ్ళు చేసిందన్నారందరూ. ఆ దసరాకి పిన్ని లేదు.

మాత్రలు — నాలుగు.

జూలై 11

ఆయన కొట్టు నుంచి రెండు లీటర్ల తెల్ల క్యాను తెచ్చారు. కొత్తది, నూనె పోయనిది. కానీ కొట్టు లేబులు అప్పటికే అంటించేసి ఉంది. వేడినీళ్ళలో నానబెట్టి గీకాను. "నువ్వుల నూనె" ఊడింది. పైన "శుద్ధమైన" అన్న మాట ఊడలేదు. మణికట్టు ఒప్పుకోలేదు. ఉండనీ అనుకున్నాను.

కొలతలు కూడా తెచ్చారు. వంద మిల్లీలీటర్లది ఒకటి, యాభైది ఒకటి. కొట్టులో పక్కన పెట్టినవే కానీ సర్కారు ముద్ర ఉంది. "ఇవి మళ్ళీ కొట్టుకి రాకూడదు సుమా," అని మూడుసార్లు అన్నారు. నేనేమన్నా పిచ్చిదాన్నా. కాడలకు ఎర్రదారం కట్టాను.

జూలై 13

రేపే. క్యాను చల్లగా ఉంచాలన్నారు ల్యాబువాళ్ళు. ఇంట్లో చల్లగా ఉండేది మంచినీళ్ళ కూజా కింది తడి ఇసుక ఒక్కటే. తట్టతో తీసి స్నానాల గది మూల పోశాను.

"హవ్వ! కూజా కింది ఇసుక... దానికా?"

"కొత్త ఇసుక తెప్పించి పోస్తానండి అత్తయ్యగారూ."

"గోదారి ఒడ్డున కాపురం, ఇసుకకి కరువేంటే? నేననేది అది కాదు."

ఏదో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, మడి. రేపంతా ఆ మూల వైపు కన్నెత్తి చూడరట. గుమ్మం ఇవతలే నిలబడి అడిగారు — "ఎన్ని లీటర్లదే అది?"

"రెండండి."

"నిండకపోతే?"

"నిండక్కర్లేదు. ఎంతొస్తే అంత."

"చోద్యం. మీ మామగారుండగా మన కొట్టులోంచి వెల్తి డబ్బా గడప దాటలేదు."

మామగారు అమ్మింది నూనె అని గుర్తు చేశాను. చెవిన పెట్టినట్టు లేదు.

జూలై 14, బుధవారం

6.00 — పారబోశాను. లెక్కలోకి రాదు. రాదని తెలిసినా ప్రాణం ఉసూరుమంది.

8.10 — 200.

10.45 — 150. నురగ. అప్పుడే పితికిన పాల మీద ఉన్నట్టు.

1.20 — 150. ఎదురింటావిడ పేరంటానికి పిలవడానికి వచ్చింది. వెళ్ళి కూర్చుంటే, అక్కడ అవసరం పడితే? "ఇవాళ రాకూడదండీ," అన్నాను. ఆవిడ ఎగాదిగా చూసి "అలాగా... మీకింకా ఉందా?" అని బుగ్గ మీద వేలేసుకుని వెళ్ళింది. నలభై ఆరేళ్ళకి ఈ పేరొకటి.

4.00 — 150.

6.30 — 100. ఆయన గుమ్మంలోంచే "ఎంతయింది?" కొట్టులో అమ్మకం అడిగినట్టు. వీధిలో నలుగురున్నారు. "ఏడు వందల యాభై," అన్నాను. "పర్లేదు," అన్నారు.

9.15 — 150.

2.40 — 150.

జూలై 15

6.00 — 100. మొత్తం 1,150. పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ కూడి చూశాను. మూత బిగించాను.

చీర కట్టుకోవడానికి లోపలికి వెళ్ళాను. కుచ్చెళ్ళకి అరగంట పడుతుంది నాకు. వచ్చేసరికి స్నానాల గదిలోంచి అత్తగారు తడి జుట్టుతో వస్తున్నారు. అయిదింటికే మడి స్నానం అయింది కదా.

"మళ్ళీ తలమీద పోసుకున్నారేంటండీ?"

"కాకి తన్నింది."

వెంటనే మొహం తిప్పేసుకున్నారు. బస్సు టైమైంది. నేనూ ఆగలేదు.

క్యాను బరువనిపించింది. మణికట్టుదే తప్పనుకున్నాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, చంటిపిల్లలాగ. కండక్టరు వంగి చదివాడు.

"శుద్ధమైన... నూనేనా అమ్మగారూ?"

"కాదు."

"నెయ్యా?"

వెనక సీటావిడ అందుకుంది — "మంచి నెయ్యి దొరకట్లేదండి ఈ మధ్య. ఎక్కడ తీసుకున్నారేంటి?"

వంతెన పొడుగునా గోదారి వైపే చూశాను. ఎర్రనీళ్ళు దిగాయి. అంత పొడుగు వంతెన ఇంకోటి ఉండదు.

జూలై 17

రిపోర్టు. ప్రొటీను 1.1 గ్రాములు.

అదీకాక చక్కెర — రెండు ప్లస్సులు. "ఇదెప్పుడొచ్చిందమ్మా?" డాక్టరు గారే బిత్తరపోయారు. తీపి బందు. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం పొద్దున్నే ఏమీ తినకుండా రక్తపరీక్షకి రావాలి.

బంగారం బందు.

బస్సులో చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ వచ్చాను. ఇంకా ఏమీ కాలేదు వాటికి. అప్పుడే వీడ్కోలు చెబుతున్నట్టు చూస్తున్నానేంటి అనుకుని చీరకొంగు కప్పాను.

జూలై 18

పూతరేకులు వచ్చాయి, ఎవరింటివో ఆషాఢం సారెవి. పన్నెండు. అత్తగారు నా వాటా కేసి చూసి నిట్టూర్చారు. "పాపం, ఈ వయసులో నీకు తీపి రాత లేదే అమ్మాయ్. నువ్వు చూస్తూ బాధపడకు, నీవీ నేనే తినేస్తా." తిన్నారు. ఎనిమిది. నీళ్ళు తాగారు. మళ్ళీ తాగారు.

తూము దగ్గర చీమలు.

జూలై 20

రిపోర్టు ఈ పుస్తకంలోకి ఎత్తి రాస్తున్నాను. మొదటి వరస — పరిమాణం. ఆ రోజు ప్రొటీను తప్ప ఇంకేమీ కంటికి కనబడలేదు.

పరిమాణం: 1,400.

నాది 1,150.

మళ్ళీ కూడాను. 1,150. గదిలో ఫ్యాను ఆపి కూడాను. 1,150.

రెండు వందల యాభై ఎక్కడినుంచి వచ్చింది?

ఆయన: "ల్యాబువాడి కొలత తప్పయ్యుంటుంది."

"మన కొలతే తప్పేమో?"

అన్నం కలిపే చెయ్యి ఆగిపోయింది. "ఏంటే? మా నాన్నగారి కాలం నుంచి ఆ కొట్టు కొలత తప్పని అన్నవాడు ఈ కొవ్వూరులో లేడు. కట్టుకున్నదానివి నువ్వంటున్నావ్!"

"మరి తేలేదెలా?"

"ఎల్లుండి కొలతల ఇనస్పెక్టరు వస్తున్నాడు. ముద్రలెయ్యడానికి. ఆయన్నే తేల్చమంటా. ఆ ఎర్రదారాలవి ఇలా తే."

జూలై 21

చింతపండుతో తోమాను. బూడిదతో తోమాను. వేడినీళ్ళలో మరగబెట్టాను. పెళ్ళిచూపులకి పంపినట్టు పంపుతున్నాను.

జూలై 22

ఆయన గెలిచి వచ్చారు. చెప్పులు విప్పకుండానే మొదలు.

"తన ఇత్తడి పాత్రలో నీళ్ళు పోసి కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదన్నాడు. విన్నావా? వెం-ట్రు-క-వా-సి."

"ఎర్రదారం అడగలేదా?"

"అడిగాడు. దిష్టికండి అన్నా. దేనికి వాడతారన్నాడు. ఇంటి సరుకు కొలుచుకోడానికండి అన్నా. అబద్ధమా?"

"ఆ తరవాత?"

"వాసన చూశాడు. 'కొట్టులోవన్నీ కూడా ఇంత శుభ్రంగా పెట్టుకోండి,' అని మెచ్చుకుని వెళ్ళాడు."

నేను నవ్వు ఆపుకోలేక దొడ్లోకి వెళ్ళాను. అత్తగారు పక్కనే కూర్చుని వత్తులు చేస్తున్నారు. నవ్వలేదు. ఇలాంటివి విన్నప్పుడు పొట్ట పట్టుకుని దొర్లే మనిషి.

జూలై 23

నీళ్ళు — ఎనిమిది. మాత్రలు — నాలుగు. ఇంజక్షను లేని మూడో శుక్రవారం.

జూలై 24

కొలత సరే. ల్యాబుది గీతల గాజు పాత్ర, అదీ తప్పు చూపదు. ఆరింటికి మూత బిగించింది నేను. ఏడింటికి ఎత్తుకున్నది నేను. మధ్యలో స్నానాల గదిలోకి వెళ్ళినవాళ్ళ పేర్లు రాశాను.

నేను — వెళ్ళలేదు, చీర.

ఆయన — కొట్టుకి వెళ్ళిపోయారు.

కాకి.

కాకి దగ్గర పెన్సిలు ఆగింది. పదిహేనో తారీకు పేజీ తిప్పి చదివాను. పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్ళాను. అత్తగారు బెల్లం ముక్క నోట్లో వేసుకోబోతూ ఆగారు.

"అత్తయ్యగారూ, ఆవేళ కాకి ఎక్కడ తన్నిందండీ?"

బెల్లం ముక్క తీసి మళ్ళీ డబ్బాలో పెట్టారు.

"సగానికి కొంచెం పైన ఉందే. రెండు లీటర్ల డబ్బా. అంత దూరం మోసుకెళ్ళి వెల్తిగా చేతిలో పెడితే ఆ డాక్టరు నిన్ను కేకలెయ్యడూ? కిడ్నీలు పాడైపోయాయి అంటున్నారు కదా, సరిగ్గా రావట్లేదనుకుని సూది మానేస్తాడేమోనని... కొంచెం కొసరు వేశా."

"కొసరా!"

"మరి? కొట్టు సంప్రదాయం. ఎవరికి కొలిచినా పైన ఓ చుక్క వెయ్యకుండా పంపామా?"

"చుక్కేంటండీ? ఎంత వేశారు?"

అక్కడ మాత్రం ఆవిడకి కోపం వచ్చింది. "కొలవకుండా వేశాననుకున్నావా? వంద రెండు, యాభై ఒకటి. పావు లీటరు. నీ ఒక్కదానికే వచ్చా కొలవడం? మడి చెడితే చెడిందని అవే పట్టుకుని కొలిచా."

పుస్తకం తెరిచి చూపించాను. 1,150. 1,400. ఆవిడ కళ్ళజోడు లేకుండానే వేలు పెట్టి "సరిపోయింది," అన్నారు. మొహం వెలిగింది కూడా.

అరవడానికి నోరు తెరిచాను. అప్పుడు కిటికీలోంచి తూము కనబడింది. చీమలు. బారులు తీరి.

చక్కెర నాది కాదు.

అన్నీ చెప్పాను ఆవిడకి. బెల్లం డబ్బా కేసి చూసి, నా కేసి చూసి — "అయితే ఆ ఎనిమిది పూతరేకులూ...?" అన్నారు చిన్న గొంతుతో.

అందరిమీదా కోపం ఉంది ఈవేళ. ఆవిడ ఎక్కువ కొలిచి పంపారు. పడుకోబోయే ముందు మాత్రల గడి నింపుతుంటే — నాలుగు — అనిపించింది, నేను రెండేళ్ళుగా తక్కువ కొలిచి చెబుతున్నాను. మా ఇద్దరి మధ్యా ఆ డాక్టరు లెక్క ఎలా తేలుతుంది?

జూలై 26, సోమవారం

అత్తగార్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. డాక్టరు గారికి ముందు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. కళ్ళజోడు తీసి, గోడ వైపు తిరిగి, తుడుచుకుంటూ ఉండిపోయారు. భుజాలు కదులుతున్నాయి. నర్సు బయటికి పరిగెత్తింది.

"ఇంకా ఏమన్నా తేడాలున్నాయా అమ్మా మీ లెక్కల్లో?" వేళాకోళానికే అడిగారు.

"ఉందండి. మాత్రలు రెండు కాదు. నాలుగు."

నవ్వు ఆగిపోయింది. "ఎన్నాళ్ళనుంచి?"

"రెండేళ్ళు దాటింది."

"నాలుగా!" అత్తగారు కుర్చీలోంచి లేచారు. "చుక్క ఎక్కువ వేశానని నన్ను ఊళ్ళోవాళ్ళు వినేలా అడిగావు. నువ్వు సగానికి సగం దాచావుటే!"

డాక్టరు గారు ఆవిణ్ణి కూర్చోబెట్టారు. నాతో మెల్లగా మాట్లాడారు. ఆ మెల్లదనానికే భయం వేసింది. నొప్పి మాత్రలే కిడ్నీని లోపల్లోపల కొరుక్కు తింటాయట, నొప్పి తెలియనివ్వకుండా. "ఇన్నాళ్ళూ బంగారాన్నే అనుమానిస్తున్నానమ్మా. దొంగలు ఇద్దరున్నారని మీరు చెప్పలేదు."

తేలింది ఇది: మాత్రలు పూర్తిగా మానాలి. ఒక్కటి కూడా. బంగారమూ లేదు. పదిహేను రోజులాగి మళ్ళీ ఇరవై నాలుగు గంటలది. తగ్గితే బంగారం కొద్దికొద్దిగా మళ్ళీ మొదలెట్టి చూస్తారు. తగ్గకపోతే దాని ఊసెత్తొద్దు.

"నొప్పి వస్తేనండీ?"

"వస్తుందమ్మా," అన్నారు.

ఇద్దరికీ రక్తం తీశారు. నాకు చక్కెర లేదు. ఆవిడకి ఉంది, దండిగా.

జూలై 27

ఒప్పందం. నా మాత్రల సీసా ఆవిడ పెట్టెలో, తాళంచెవి ఆవిడ మొలలో. ఆవిడ బెల్లం, పంచదార, పూతరేకులు నా బీరువాలో, తాళంచెవి నా మొలలో. ఆయన కాఫీలో పంచదార కావాలంటే నన్ను వెతుక్కోవాలి. "ఈ ఇంట్లో జబ్బు లేనివాడికే ఇబ్బంది," అంటున్నారు.

మాత్రలు — 0.

జూలై 29

0. పిడికిలి మూడొంతులే మూసుకుంటోంది.

జూలై 30, శ్రావణ శుక్రవారం

వ్రతం. బూరెలు ఆవిడే వండారు, నా వేళ్ళు పిండి కలపలేదు. తొమ్మిది బూరెలు నైవేద్యం. హారతి అయ్యాక "ప్రసాదానికి పథ్యం ఏంటే?" అన్నారు అత్తగారు. చిటికెడు తుంచి కళ్ళకద్దుకోమన్నాను. ఆవిడ చిటికెడు తుంచిన తీరు చూశాను. చిటికెడులో సగం బూరె వచ్చింది. చెయ్యి పట్టుకున్నాను. నా చెయ్యే నొప్పెట్టింది.

ఆగస్టు 1

0. జడ వేసుకోలేకపోయాను. అత్తగారికి ఉద్యోగం మళ్ళీ వచ్చింది. ఎలక కొరికిన తాడు మాట ఎత్తలేదు. నెమ్మదిగా దువ్వారు, తల కదలకుండా.

ఆగస్టు 5

వాన. పొద్దున్న కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను, అయినా జారింది. వంటింటి గుమ్మంలో అత్తగార్ని ఆపాను.

"ఒక్కటి ఇవ్వండి. ఒక్కటే."

చూశారు. మొలలో తాళంచెవి మీద చెయ్యి వేశారు. నాకంటే ఆవిడకే కళ్ళలో నీళ్ళు. అంతలో —

"ఒక్క పూతరేకు ఇస్తావా?"

ఇద్దరం నిలబడ్డాం. వాన చప్పుడు. నా చెయ్యి నా మొల దగ్గర, ఆవిడ చెయ్యి ఆవిడ మొల దగ్గర. అటు నుంచి ఆయన వచ్చి "దారివ్వండి, పంచదార కావాలి," అన్నారు.

ఇద్దరం ఒకేసారి "లేదు!" అన్నాం.

ఆయన చేదు కాఫీ తాగి కొట్టుకి వెళ్ళారు. అత్తగారు ఉప్పునీళ్ళు కాచి నా చేతులు అందులో పెట్టించారు.

0.

ఆగస్టు 8

మెట్టెలు తిరుగుతున్నాయి. నిజంగా తిరుగుతున్నాయా, నేను తిప్పుతున్నానా? రాసి ఉంచుతున్నాను.

తూము దగ్గర చీమలు సగానికి సగం లేవు.

ఆగస్టు 11, బుధవారం

మళ్ళీ ఆ క్యానే, వేడినీళ్ళు పోసి కడిగినది. మళ్ళీ ఆ ఎర్రదారాలే. అత్తగారు ఆరింటినుంచి స్నానాల గది గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నారు. ఒళ్ళో విసనకర్ర. మడి సంగతి అడిగితే "అది రేపు చూసుకుంటాలే. ఎవరూ కల్తీ చెయ్యకుండా చూడాలి కదా," అన్నారు. ఎవరు చేస్తారండీ అని అడగలేదు.

కొలత నా చేతిలో వణికితే ఆవిడే పట్టుకున్నారు. అంకె చెప్పడం ఆవిడ, రాయడం నేను. ఎదురింటావిడ మళ్ళీ వచ్చింది. గుమ్మంలో ఇద్దర్నీ చూసి ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

ఆగస్టు 12

మొత్తం 1,300. ఇద్దరం కూడాం, విడివిడిగా.

బస్సులో అదే కండక్టరు. "ఇవాళా శుద్ధమైనదేనా అమ్మగారూ?"

అత్తగారు అందుకున్నారు — "ఇవాళే శుద్ధమైనది నాయనా. మొన్నటిది కల్తీ."

ల్యాబులో నా కళ్ళముందే గాజు పాత్రలోకి పోశారు. 1,300. అత్తగారు ల్యాబతనితో "చూశారా, మాది నూనె కొట్టు," అన్నారు. ప్రొటీను శనివారం చెబుతారట.

ఆగస్టు 14, శనివారం

ఆయన మధ్యాహ్నం బస్సుకి వెళ్ళారు. ఆయన్ని నేనే పొమ్మన్నాను. కాగితం చేతిలో పెట్టుకుని ఆ వంతెన ఇంకోసారి దాటలేను.

వరస గీసి ఉంచాను.

పరిమాణం — ఇంట్లో 1,300. ల్యాబులో 1,300. తేడా — లేదు.

మాత్రలు — పందొమ్మిది రోజులు, 0.

ప్రొటీను —

నీళ్ళు — ఈవేళ తొమ్మిది. పదోది తాగబోతుంటే అత్తగారు గ్లాసు పక్కన పెట్టించి పీట మీద కూర్చోబెట్టారు. జడ వేస్తున్నారు, నేను ఒళ్ళో పుస్తకం పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు నావి కానట్టున్నాయి, కాని చదవగలను.

"తగ్గితే మళ్ళీ నువ్వే వేసుకుంటావు కదే," అన్నారు వెనకనుంచి.

"వేసుకుంటానండి."

"ఊ." దువ్వెన కాసేపు కదలలేదు. "తగ్గాలనే దండం పెట్టా పొద్దున్న. కొసరు కూడా వేశా దండంలో."

వీధి తలుపు చప్పుడు. చెప్పులు విప్పుతున్నారు. మామూలుగా గుమ్మంలోంచే మొదలెట్టే మనిషి, ఏమీ అనట్లేదు... చెప్పులు సరిచేసి పెడుతున్నారు. ఎన్నడూ పెట్టరు.

లేవబోయాను.

"కదలకు," అంటున్నారు అత్తగారు. "సగంలో ఉంది."